ఫుల్ బాడీడ్ సిగార్ అంత లేటుగా ఎందుకు ఎక్కుతుంది?

సిగరెట్ అలవాటున్న మనిషి చేతికి మొదటిసారి ఓ లావుపాటి నికరాగ్వా సిగార్ వస్తే, వైజాగ్‌లో అది ఎక్కువగా షిప్పు దిగొచ్చిన బావమరిది బ్యాగులోంచో దుబాయ్ డ్యూటీ ఫ్రీలోంచో వస్తుంది లెండి, జరిగే కథ దాదాపు అందరికీ ఒకటే. మొదటి రెండు దమ్ములు అలవాటు ప్రకారం గుండెల్లోకి లాగేస్తాడు, దగ్గు తన్నుకొస్తుంది, పక్కనున్నవాళ్ళు 'నోట్లోనే పెట్టి వదలాలి గురూ' అంటారు, సరే అని నోట్లోనే పెట్టి వదులుతుంటాడు. ఇరవై నిమిషాలైనా ఏమీ అనిపించదు. ఇంతేనా, దీనికింత బిల్డప్పా అనుకుని స్పీడు పెంచుతాడు. ఇంకో ఇరవై నిమిషాలకి మొహం పాలిపోయి, నుదుటి మీద చల్లటి చెమట పట్టి, కుర్చీలోంచి లేస్తే ఏమవుతుందో అని అలాగే కూర్చుండిపోతాడు.

ఈ ఆలస్యం ఎందుకొచ్చిందో తెలిస్తే ఫుల్ బాడీడ్ సిగార్ గురించి సగం పైనే తెలిసినట్టు. నెమ్మదిగా తాగాలి, ఖాళీ కడుపుతో ముట్టుకోకూడదు, ఈదురుగాలిలో వెలిగించకూడదు, చివరి ముక్క దాకా లాగకూడదు, ఇలా సిగార్ తాగేవాళ్ళు చెప్పే రూల్స్ వింటే ఏదో క్లబ్బు మర్యాదల్లా అనిపిస్తాయి గానీ చాలావరకు ఆ పొగ ఎలాంటిదన్న దాంట్లోంచి పుట్టినవే. పైగా ఆ పొగ మన ఉత్తరాంధ్రకి కొత్తదేమీ కాదు, చుట్ట రూపంలో ఇక్కడి ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్నదే.

ముందు బాడీ అంటే ఏంటో తేల్చుకోవాలి, ఎందుకంటే షాపుల్లో అమ్మేవాళ్ళు కూడా దీన్నీ స్ట్రెంగ్త్‌నీ కలిపేసి మాట్లాడతారు. బాడీ అంటే పొగ నోట్లో ఎంత బరువుగా, ఎంత చిక్కగా తగులుతుందన్నది. స్ట్రెంగ్త్ అంటే నికోటిన్ ఒంటి మీద చేసే పని. పల్చటి మజ్జిగలో నాలుగు పచ్చిమిరపకాయలు నూరి కలపొచ్చు, గడ్డపెరుగు కారం లేకుండా కమ్మగా ఉండొచ్చు, చిక్కదనం వేరు కారం వేరు, ఇక్కడా అంతే. ఇవి రెండూ కాక మూడోది ఫ్లేవర్, అంటే మిరియాలు, కాల్చిన కాఫీ గింజ, కోకో, తోలు, తడిమట్టి అంటూ చెప్పే వాసనల గోల. ఒక సిగార్ మీడియం బాడీతో ఉండి కూడా నికోటిన్ దంచి కొట్టొచ్చు. ఇంకోటి నోరంతా పట్టేసినట్టుండి కూడా తలకి ఎక్కకపోవచ్చు. కాకపోతే ఫుల్ బాడీడ్ అని పేరు పడ్డవాటిల్లో ఎక్కువ భాగం స్ట్రెంగ్త్‌లోనూ గట్టివే, అందుకే ఆ రెండు మాటలూ కలిసిపోయాయి. క్యూబా వాటిల్లో బొలివార్, పార్టగాస్ సీరీ డి నంబర్ 4, నికరాగ్వా వాటిల్లో పద్రోన్ 1926 సీరీస్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి.

రంగు చూసి మోసపోవడం ఇంకో పెద్ద తప్పు. నల్లగా మెరుస్తూ ఉంటే ఘాటు, లేత గోధుమ రంగులో ఉంటే మైల్డ్ అనుకుంటారు చాలామంది. పైకి కనిపించేది ఒక్క ఆకు మాత్రమే, దాన్ని రాపర్ అంటారు, దాని కింద కట్టుగా ఇంకో ఆకు బైండర్, లోపల పొడుగ్గా మడిచి పెట్టిన ఆకులన్నీ ఫిల్లర్. మదూరో అనే నల్లటి రాపర్ అలా అయ్యేది ఎక్కువ రోజులు, ఎక్కువ వేడిలో పులియబెట్టడం వల్ల, దాంతో కాస్త తీపి ధోరణి కూడా వస్తుంది, కాబట్టి నల్ల సిగార్ మెత్తగా ఉండటం, లేత రంగు సిగార్ తన్నడం రెండూ మామూలే. ఘాటు సంగతి ఎక్కువగా లోపలి ఫిల్లర్ తేలుస్తుంది, అది కోసి చూస్తే తప్ప కనపడదు.

ఫిల్లర్‌లో ఏ ఆకు ఎంత పెట్టారన్నదే అసలు విషయం. పొగాకు మొక్కలో నికోటిన్ తయారయ్యేది వేళ్ళలో, అక్కడి నుంచి పైకెక్కి ఆకుల్లో చేరుతుంది. పూత రాగానే తల తుంచేస్తే మొక్క బలమంతా ఆకులకి పోయి నికోటిన్ ఇంకా పెరుగుతుందని ప్రకాశం జిల్లా రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. సిగార్ పొగాకులో కింది ఆకులు వొలాదో, పల్చగా ఉంటాయి, బాగా మండుతాయి, అంతకు మించి వాటితో పెద్ద పని లేదు. మధ్య ఆకులు సెకో, వాసన వీటిదే. పై ఆకులు లిహెరో, ఎండ నేరుగా తగిలి మందంగా, జిడ్డుగా, నికోటిన్‌తో నిండి ఉంటాయి, నింపాదిగా మండుతాయి. ఫుల్ బాడీడ్ సిగార్ అంటే లిహెరో పాలు ఎక్కువ వేసిందని అనుకోవచ్చు. అది చుట్టూ పెడితే సరిగ్గా మండదు కాబట్టి చుట్టేవాడు నడి మధ్యలో పెడతాడు, అందుకే బాగా చుట్టిన సిగార్‌కి నుసి రాలాక చూస్తే మధ్యలో నిప్పు కోన్ లాగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది.

ఆ తర్వాత పులియబెట్టడం. ఎండిన ఆకుని తడిపి పెద్ద పెద్ద గుట్టలుగా పేర్చి వదిలేస్తే లోపల దానంతట అదే వేడెక్కుతుంది, వేడి మరీ పెరక్కుండా తిరగేసి మళ్ళీ పేరుస్తారు, ఇలా నెలల తరబడి నడుస్తుంది, లిహెరోకైతే ఇంకా ఎక్కువ టైం పడుతుంది. ఈ దశలో అమ్మోనియా బయటికి పోతుంది. సరిగ్గా పులియని ఆకుతో చేసిన సిగార్ ముక్కులో సూదిలా గుచ్చుకునేది ఆ మిగిలిపోయిన అమ్మోనియా వల్లే, దాన్ని చాలామంది 'స్ట్రాంగ్‌గా ఉంది' అని మెచ్చుకుంటారు కూడా! అది బాడీ కాదు, పచ్చి సరుకు.

ఇప్పుడు ఆలస్యం సంగతికి రావాలి. ఆంధ్రాలో పండే సిగరెట్ పొగాకు, వర్జీనియా రకం, ఒంగోలు చుట్టుపక్కలైనా పాత పశ్చిమ గోదావరి జిల్లా మెరక ప్రాంతంలోనైనా బ్యారన్లలో, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టాల్లో, వేడిగాలి పెట్టి వారం లోపే ఎండబెడతారు. ఆ వేడికి ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారి అలాగే నిలిచిపోతుంది, అలాంటి ఆకు మండితే వచ్చే పొగ ఆమ్ల గుణంతో ఉంటుంది. ఆమ్లంలో నికోటిన్ లవణం రూపంలో బందీగా ఉంటుంది, నోటి చర్మం దాటి రక్తంలోకి పెద్దగా పోలేదు, అందుకని ఊపిరితిత్తుల దాకా లాగాల్సిందే. అక్కడికి చేరితే మాత్రం కొద్ది సెకన్లలో మెదడుకి ఎక్కేస్తుంది. సిగార్ ఆకు దారి వేరు. నీడలో గాలికి వారాల తరబడి ఆరుతుంది, తర్వాత పులుస్తుంది, చక్కెర దాదాపు మిగలదు, పొగలో అమ్మోనియా లాంటి క్షార పదార్థాలు ఎక్కువ. క్షారంలో నికోటిన్ విడుదలై తిరుగుతుంది, బుగ్గల లోపలి చర్మం, నాలుక కింద పొర, ఎక్కడ తగిలితే అక్కడి నుంచే రక్తంలోకి దిగుతుంది. దమ్ము లాగక్కర్లేదు. కానీ ఊపిరితిత్తులంత విశాలమైన దారి కాదు నోరు, నిదానంగా ఎక్కుతుంది, నిదానంగానే దిగుతుంది.

ఇంకో మెలిక ఉంది. సిగార్ పొగ మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండదు. మొదట్లో కాస్త ఆమ్లం వైపే ఉండి, కాలే కొద్దీ క్షారం వైపు జరిగి చివరికొచ్చేసరికి, ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ కొలతలో 8 దగ్గరకి, ఒక్కోసారి దాటి కూడా పోతుంది. దాంతోపాటు ముందు కాలిన భాగం నుంచి వచ్చిన తారు, నికోటిన్ ఆవిరి వెనకున్న ఆకులో పేరుకుని ఉంటుంది, నిప్పు అక్కడికి చేరగానే అది కూడా కలిసొస్తుంది. అంటే మొదటి ఇరవై నిమిషాల్లో ఏమీ అనిపించకపోవడం సిగార్ బలహీనత కాదు, సరుకు ఇంకా దారిలో ఉందన్నమాట. లెక్క కూడా చూడండి. ఒక సిగరెట్‌లో ఉండే పొగాకు గ్రాము లోపు, అందులో నికోటిన్ సుమారు 10 మిల్లీగ్రాములు, తాగినవాడి ఒంట్లోకి చేరేది ఒకటో రెండో. పెద్ద సిగార్‌లో పొగాకు 5 గ్రాముల నుంచి 20 గ్రాముల దాకా, నికోటిన్ 100 నుంచి 200 మిల్లీగ్రాములు, ఇంకా ఎక్కువున్నవీ ఉన్నాయి. అదంతా ఒంట్లోకి పోదు, మంటలో కాలిపోయేదీ గాల్లో కలిసేదీ ఉంటుంది, అయినా ట్యాంకు సైజు తేడా తేడానే.

ఇక్కడే చుట్ట గురించి మాట్లాడాలి. పెదవాల్తేరు జాలారిపేట నుంచి భీమిలి, పూడిమడక దాకా ఒడ్డున ఉండే ఊళ్ళల్లో పాతతరం మామ్మలకి సిగార్ అంటే ఏంటో తెలీకపోవచ్చు గానీ ఈ పొగ వాళ్ళకి బాగా తెలుసు. గోదావరి లంక పొగాకైనా నాటు పొగాకైనా బ్యారన్‌లో ఉడికింది కాదు, గాలికో ఎండకో ఆరింది, దాని పొగ కూడా సిగార్ పొగ దారిలోదే. గుండెల్లోకి లాగకుండానే నోట్లో పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటే సరిపోవడానికి కారణం అదే. సంతలో కాడలుగా కొని, ఈనె తీసి, తడి చేసి, తొడ మీద పెట్టి చుట్టి దారం కట్టిన చుట్టలో రాపర్, బైండర్ అని వేరువేరు ఏర్పాట్లు లేవు, ఏళ్ళ తరబడి ఏజింగ్ లేదు, మూడు నాలుగు దేశాల ఆకులు కలిపే బ్లెండింగ్ లేదు. రుచిలో తేడా చాలా ఉంది, ఆ తేడాకే ఆ రేటు. నికోటిన్ ఒంట్లోకి పోయే దారిలో మాత్రం తేడా లేదు. ఫైవ్ స్టార్ లాంజ్‌లో సిగార్ పట్టుకున్నవాడు చుట్ట తాగే ముసలమ్మని చూసి మొహం చిట్లించడం చూస్తే నవ్వొస్తుంది.

విశాఖ, శ్రీకాకుళం వైపు ఉన్న ప్రత్యేకత అడ్డపొగ. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని తాగడం, ఎక్కువగా ఆడవాళ్ళు. ఎందుకలా అంటే సముద్రపు గాలికి ఆరిపోదు, తడి చేతులతో పనిచేసుకుంటున్నా ఇబ్బంది లేదు, ఒళ్ళో పిల్ల ఉన్నా నిప్పు మీద పడదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, ఇలా రకరకాల కారణాలు చెబుతారు. ప్రపంచంలో ఫిలిప్పీన్స్, పనామా, కొలంబియా, సార్డీనియా లాంటి కొన్ని చోట్ల తప్ప ఇది పెద్దగా కనపడదు. దీని ఫలితం మాత్రం డాక్టర్లకి చాలా ముందే తెలిసింది. సాధారణంగా క్యాన్సర్ అరుదుగా వచ్చే గట్టి అంగిలి, అంటే నోటి పైకప్పు మీద ఇక్కడి ఆడవాళ్ళకి క్యాన్సర్ రావడం గురించి 1957లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. 1971లో డెన్మార్క్ పాథాలజిస్ట్ పింద్‌బోర్గ్, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి చెందిన దంత వైద్యులు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్ష చేసిన వివరాలు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయ్యాయి, అప్పట్లో వాళ్ళలో 40 శాతం పైనే అడ్డపొగ తాగేవాళ్ళు! అంగిలి మీద తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, పుళ్ళు, ఒక్కో దశనీ రాసి పెట్టారు. ఇప్పుడు ఆ అలవాటు బాగా తగ్గింది, కుర్రకారులో దాదాపు లేదు, ఆ స్థానంలో గుట్కా, సిగరెట్ వచ్చాయి, అది ఇంకో కథ.

అడ్డపొగలో నిప్పు వేడి కూడా తోడవుతుంది కాబట్టి దాన్నీ మామూలు సిగార్‌నీ ఒకే గాటన కట్టకూడదు. అలాగని 'లోపలికి లాగం కాబట్టి సిగార్ సేఫ్' అనే మాట కూడా నిలబడదు. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1998లో సిగార్ల మీదే ఒక పెద్ద మోనోగ్రాఫ్ వేసింది, లాగకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు వస్తాయని అందులో తేల్చారు. పులియబెట్టే దశలో ఆకులో నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు పెరుగుతాయి, రుచిని తెచ్చే పనే దీన్ని కూడా తెస్తుంది, ఒకటి వద్దు ఇంకోటి కావాలంటే కుదరదు. పక్కన విస్కీ గ్లాసు ఉంటే నోటికి, అన్నవాహికకి ప్రమాదం ఇంకా పెరుగుతుంది, రెండూ కలిస్తే విడివిడిగా చేసే హాని కంటే ఎక్కువ చేస్తాయి. ఇది తెలిసే తాగేవాళ్ళు తాగుతారు, తెలియక తాగేవాళ్ళకి తెలియాలి అంతే.

సరే, ఆ గంట ఎలా గడుస్తుందో చూద్దాం. రోబుస్తో అనే సైజు తీసుకుంటే పొడవు సుమారు 5 అంగుళాలు, లావు 50 రింగ్ గేజ్, అంటే అంగుళంలో 64వ వంతులు యాభై, దాదాపు 2 సెంటీమీటర్ల అడ్డకొలత, తాగడానికి ముప్పావు గంట నుంచి గంటంబావు. తల వైపు టోపీలా అతికించిన చిన్న ఆకు ముక్క ఉంటుంది, దాని అంచు దాటకుండా రెండు మిల్లీమీటర్లు కోస్తే చాలు, కిందకి కోస్తే రాపర్ విప్పుకుపోతుంది. పళ్ళతో కొరకడం సినిమాల్లో బాగుంటుంది. వెలిగించడానికి గ్యాస్ లైటర్ గానీ పొడుగు అగ్గిపుల్ల గానీ, పెట్రోల్ లైటర్ వాడితే మొదటి పది నిమిషాలు ఆ వాసనే. అగ్గిపుల్ల అయితే గంధకం కాలిపోయేదాకా ఆగాలి. నిప్పుని తగిలీ తగలకుండా తిప్పుతూ అంచంతా సమానంగా కాగనివ్వాలి, ఒక పక్కే అంటుకుంటే ఆ వంకర చివరిదాకా ఏడిపిస్తుంది.

మొదటి మూడో వంతులో ఫుల్ బాడీడ్ సిగార్ పని ఎక్కువగా నాలుక మీద, పెదాల మీద. నికరాగ్వా ఆకులైతే ముందుగా మిరియాల చురుకు, ముఖ్యంగా ఎస్తెలీ ప్రాంతపు ఆకు. పొగ నోట్లోంచి పోయాక కూడా జిడ్డు పొరలా ఏదో అంటుకుని ఉంటుంది, బాడీ అన్నది చేతికి దొరికినట్టు అర్థమయ్యేది అక్కడే. ఈ దశలో రుచి తెలియాలంటే కొంచెం పొగని ముక్కులోంచి వదలాలి, గుండెల్లోకి లాగడం కాదు, నోట్లో ఉన్న పొగలో పావు వంతు గొంతు వెనక నుంచి ముక్కులోకి నెట్టి వదిలేయడం. వాసనలన్నీ పట్టేది ముక్కే, నాలుకకి తెలిసేవి నాలుగైదే. అయితే ఫుల్ బాడీడ్ సిగార్‌ని మొదటిసారే ముక్కులోంచి నిండా వదిలితే కళ్ళ నీళ్ళు కారడం ఖాయం, నికోటిన్, అమ్మోనియా రెండూ ముక్కు నరాలని గుచ్చుతాయి. కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాల్సిందే.

రెండో భాగం అన్నిటికంటే బాగుంటుంది. చురుకు తగ్గి తీపి, కాఫీ, కోకో లాంటివి బయటపడతాయి, నిప్పు లిహెరోలో కుదురుకుంటుంది, బూడిద తెల్లగా గట్టిగా అంగుళం దాకా నిలబడుతుంది. బూడిద నిలబడితే గొప్ప అని ఫోటోలు తీసుకునేవాళ్ళున్నారు, ఫిల్లర్‌లో పొడుగాకులు వాడారనడానికి అదొక గుర్తు, అంతకు మించి ఏం లేదు, చొక్కా మీద పడితే మాత్రం మరక. దమ్ముకీ దమ్ముకీ మధ్య సుమారు ఒక నిమిషం. ఇంకా తొందరపడితే నిప్పు వేడెక్కి ఆకు కాలడం మానేసి మాడటం మొదలెడుతుంది, నాలుక కాలుతుంది, చేదొస్తుంది, పైగా నికోటిన్ కూడా తరుముకుంటూ వస్తుంది. మరీ లేటైతే ఆరిపోతుంది, ఆరితే పెద్ద నష్టమేం లేదు, బూడిద దులిపి, లోపలున్న పాత పొగని బయటికి ఊది మళ్ళీ వెలిగించుకోవచ్చు, అదే రోజు అయితేనే. మర్నాటికి దాని వాసన భరించలేం.

మూడో భాగంలో అభిప్రాయాలు విడిపోతాయి. వేలు కాలేదాకా తాగడమే అసలైన తాగుడు అనేవాళ్ళున్నారు, సగం దాటాక పక్కన పెట్టేసేవాళ్ళూ ఉన్నారు. పైన చెప్పిన క్షారం, పేరుకున్న తారు, వేడి మూడూ కలిసొచ్చేది ఇక్కడే కాబట్టి చేదు మొదలైన చోట ఆపేయడమే తెలివి. డబ్బులు పోసి కొన్నాం కదా అని చివరిదాకా లాగడంలో అర్థం లేదు. ఆపేటప్పుడు సిగరెట్ పీకలా నలిపి ఆర్పకూడదు, యాష్‌ట్రేలో వదిలేస్తే దానంతటదే ఆరిపోతుంది, నలిపితే గదంతా కంపు.

ఎక్కేసిందనుకోండి. వికారం, చెమటలు, కళ్ళు తిరగడం, కొందరికి ఎక్కిళ్ళు, ఇవన్నీ నికోటిన్ మోతాదు మించిన లక్షణాలే. వెంటనే సిగార్ పక్కన పెట్టి, గాలి తగిలే చోట కూర్చుని నీళ్ళు తాగాలి. చక్కెర నోట్లో వేసుకోమని అందరూ చెబుతారు, వేసుకుంటే పోయేదేం లేదు గానీ అసలు మందు టైమే, ఒంట్లో నికోటిన్ సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. వాంతులు ఆగకపోయినా గుండె దడ తగ్గకపోయినా ఆసుపత్రికి పోవాలి. ఖాళీ కడుపుతో ఉన్నవాడికి ఇది త్వరగా, గట్టిగా తగులుతుంది, అందుకే ఫుల్ బాడీడ్ సిగార్‌ని రాత్రి భోజనం తర్వాతకి పెట్టుకుంటారు. అలాగని రొయ్యల వేపుడూ ఆవకాయా దట్టించి వెంటనే వెలిగిస్తే కారానికి మొద్దుబారిన నాలుకకి ఆ సిగార్ ఖరీదులో సగం తెలియదు. పెరుగన్నంతో ముగించి, అరగంట ఆగి, పాలు లేని కాఫీ పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక వైజాగ్ అనగానే బీచ్, బీచ్ అనగానే చేతిలో సిగార్ పెట్టుకుని సముద్రం చూడాలని అందరికీ ఉంటుంది. అందులో ఉన్న మజా కాదనలేం గానీ సిగార్‌కి మాత్రం అంతకంటే పెద్ద శత్రువు లేదు. ఆర్కే బీచ్ గోడ మీదో రుషికొండలోనో తెన్నేటి పార్కు రాళ్ళ దగ్గరో సాయంత్రం నాలుగింటికి వీచే గాలి నిప్పుని ఒక పక్క నుంచి ఊదుతూనే ఉంటుంది, కొలిమి తిత్తి అక్కర్లేదు, ఆ పక్క గబగబా కాలిపోతుంది, ఇంకో పక్క నిలిచిపోతుంది, మనం లాగకపోయినా వేడి దిగదు. పొగ చుట్టూ నిలవదు కాబట్టి వాసన ముక్కుకి చేరదు, రుచి తెలియక మనిషి ఇంకా గట్టిగా లాగుతాడు, దాంతో అరగంటలో ఐపోయి తల తిరుగుతుంది. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి వచ్చే గాలి పొద్దుగూకాక నెమ్మదిస్తుంది, రాత్రి పూట నేల వైపు నుంచి వచ్చేది అంత జోరుగా ఉండదు, కాబట్టి వానాకాలం కాని రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక, పిట్టగోడ ఎత్తుగా ఉన్న మేడ మీదైతే బాగా కుదురుతుంది. కైలాసగిరి లాంటి కొండ మీద ఎప్పుడూ వద్దు. రెస్టారెంట్లలో ఎక్కడపడితే అక్కడ కుదరదు, 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధం గట్టిగా అమల్లోకి వచ్చింది, 200 రూపాయల దాకా ఫైన్, 30 గదులు, ఆపైన ఉన్న హోటళ్ళలో విడిగా స్మోకింగ్ ఏరియా పెట్టుకోవచ్చు.

దాచడం ఇంకో తలనొప్పి, ఇక్కడ పుస్తకాల్లో రాసినట్టు జరగదు. చల్లటి దేశాల వాళ్ళు సిగార్ ఎండిపోతుందని భయపడి డబ్బాలో తేమ పెంచే ఏర్పాట్లు చేస్తారు, గాల్లో తేమ 65 నుంచి 70 శాతం, వేడి 18 నుంచి 21 డిగ్రీలు ఉండాలంటారు. వైజాగ్‌లో గాలి తేమ ఏడాదిలో చాలా రోజులు 70 దాటే ఉంటుంది, కాబట్టి సమస్య తిరగబడుతుంది. తేమ ఎక్కువైన సిగార్ ఉబ్బి, దమ్ము బిగుసుకుపోయి, మధ్యమధ్యలో ఆరిపోతూ, చేదుగా మండుతుంది, వానాకాలంలో బూజు కూడా పడుతుంది. ఏసీ గదిలో పెడితే ఉల్టా, రాత్రంతా ఏసీ తేమని లాగేసి రాపర్ పెళుసెక్కి చిట్లుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ ఎక్కువైతే పీల్చుకుని, తక్కువైతే వదిలి 65 శాతం దగ్గర నిలబెట్టే ప్యాకెట్, అంతే, ఖరీదైన చెక్కపెట్టె అలంకారానికే. బీరువాలో బట్టల మధ్య మాత్రం పెట్టొద్దు, కలరా ఉండల వాసన వారంలో పట్టేస్తుంది, ఏ లిహెరో కూడా దాన్ని మించలేదు.

తేమ కంటే భయపడాల్సింది వేడికి. పొగాకు పురుగు గుడ్లు ఆకులోనే కంటికి కనపడకుండా ఉంటాయి, 25 డిగ్రీలు దాటి చాలా రోజులు ఉంటే అవి పొదిగి, పురుగులు రాపర్‌కి గుండుసూది బెజ్జాల్లా చిల్లులు పొడుచుకుంటూ పోతాయి, ఒకటి నుంచి పక్కదానికి, డబ్బా మొత్తానికి. వైజాగ్‌లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇంట్లో 30 దిగని రోజులే ఎక్కువ. బయట నుంచి తెచ్చినవాటిని, డ్యూటీ లేకుండా బ్యాగేజీలో 25 సిగార్ల దాకా తెచ్చుకోవచ్చు, వచ్చిన రోజే గాలి తీసేసిన జిప్ కవర్లో రెండు పొరలుగా పెట్టి మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఒక రోజు కింద ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాతే బయటికి తియ్యాలి, ఒక్కసారిగా తీస్తే రాపర్ పగులుతుంది. కవర్ సరిగ్గా మూయకపోతే పక్కన పెట్టిన వంజరం ముక్కల వాసన కూడా బోనస్‌గా వస్తుంది.